మంచం నిలబెట్టిన ఎదురింటత్త

ఎదురింటత్త పోయిందన్న మాట నాకు ఎమ్మిగనూరు బస్టాండులో తెలిసింది. ఆదోని నుంచి మొదటి బస్సుకే వచ్చాను. చొక్కా జేబులో దూది చుట్టి పెట్టిన నొప్పి సూదిమందు ఉంది. మా ఊళ్లో అయిపోయిందంటే ముందురోజు సాయంత్రం ఆదోనికి పోయి, మూసేస్తున్న మందుల షాపాయనతో గొడవపడి మరీ తెచ్చాను. బస్సు దిగగానే మా వీధికి జట్కా తోలే ఆయన ఎదురొచ్చాడు. నా ముఖం చూడలేదు. జేబు వైపు చూశాడు.

"ఇంగ దాంతో పని ల్యాదులే చిన్నోడా. కోడి కూసే యాళకు పాయ, మీ అత్త."

మందు అనే మాట వింటేనే నేను ఎగిరిపడతానని ఈ పత్రిక చదివేవాళ్లలో కొందరికి తెలుసు. నిద్రమాత్రల మీద మండిపడుతూ నేను రాసి పంచిన కరపత్రాలు కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉండవచ్చు. అలాంటి నేను సూదిమందును పసిబిడ్డలా గుండెకు ఆనించుకుని దారంతా వచ్చాను. అలా తెమ్మన్నది కూడా ఆమే.

బస్టాండులో నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వచ్చింది. అన్న ఏం చేస్తున్నాడు? ఆమె చేయి పట్టుకుని బావిగట్టు మీది నుంచి వెనక్కి నడిచి వచ్చినవాడు మా అన్న. ఆ చేయి ఇప్పుడు లేదు. అన్న మళ్లీ అటు తిరుగుతాడా? ఆలోచన అంతకన్నా ముందుకు పోలేదు. జట్కా ఎక్కమన్నా ఎక్కకుండా పరుగు పెట్టాను.

ఆమె మాకు రక్తసంబంధం కాదు. మా అమ్మ వదినా అని పిలిచేది కాబట్టి మాకు అత్త. ఇల్లు ఎదురుగా ఉంది కాబట్టి ఎదురింటత్త. వాళ్లదీ మగ్గమే, మాదీ మగ్గమే. పొట్టిమనిషి. గొంతు మాత్రం పెద్దది. వీధి ఆ చివర నిలబడి మాట్లాడితే ఈ చివర ఆసు మీద నూలు పోసే ఆడవాళ్లు జవాబిచ్చేవాళ్లు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, చేతులకు ఎప్పుడూ ఎండిన గంజి పొరలతో కనిపించేది. మామ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. "మా ఇంట్లో నోరు ఒకటే. అది దాని దగ్గరుంది" అనేవాడు.

నాన్న పోయాక మా ఇల్లు అన్న సంపాదన మీద నడిచింది. అన్న ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. పత్తి నుంచి గింజ తీసి, దూదిని అదిమి బేళ్లు కడతారు. ఒక పత్తి సీజనులో అక్కడి గోడౌనుకు నిప్పంటుకుంది. అన్నతో జతగా పనిచేసే పిల్లవాడు లోపల ఉండిపోయాడు. అన్న టీ తాగడానికి గేటు బయటికి వచ్చి ఉన్నాడు. ఇద్దరి మధ్య తేడా అంతే, ఒక గ్లాసు టీ.

ఎవరూ అన్నను ఒక్క మాట అనలేదు. చనిపోయినవాడి తల్లి కూడా అనలేదు. అన్నే అనుకున్నాడు. ఇంటికి తిరిగొచ్చాక మొదట నిద్ర పోయింది. తర్వాత ఆకలి పోయింది. ఆ తర్వాత మాట. మనిషి మాత్రం మంచంలో ఉన్నాడు. ఎప్పుడైనా మంచం దిగితే ఒంటరిగా బావుల వైపే నడిచేవాడు, అమ్మ నన్ను వెనకాలే పంపేది.

"నిప్పు ఎప్పుడో ఆరిపోయింది గదన్నా" అని నేనొకసారి అన్నాను.

అన్న పైకప్పు చూస్తూ చెప్పాడు. "బేలు లోపల నిప్పుంటే పైకి తెల్లగానే ఉంటాదిరా. దినాలకు దినాలు తెలీదు. కోసి సూస్తే అంతా నలుపే."

మా వైపు దీన్ని మనాది అంటారు. డాక్టర్లు ఇంకేదో అంటారు. మంత్రాలయంలో ఏమీ అనలేదు, తీర్థం ఇచ్చి పంపారు. అమ్మ ఉరుకుందకు కూడా నడిపించింది. ఈరన్న సామి ముందు అన్న చెప్పినట్టల్లా మొక్కాడు, చెప్పినట్టల్లా లేచాడు. తిరిగి వచ్చి మంచంలో పడుకున్నాడు. ఆదోనిలో ఒక డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. వాటితో అన్న మొద్దులా పడి ఉండేవాడు. లేచాక కళ్లు మట్టిరంగులో ఉండేవి. "అది నిద్ర కాదురా. గోతిలో పడి లేసినట్లుండాది" అనేవాడు.

నేను ఊరుకోలేదు. ఆదోని బస్టాండు గోడకు ఆనించి అమ్మే చిన్న చిన్న పుస్తకాలు ఎప్పటినుంచో కొని చదువుతున్నాను. మూఢనమ్మకాల మీద కొన్ని, ప్రకృతి వైద్యం మీద కొన్ని. పొట్ట మీద తడిగుడ్డ, నుదుటి మీద బంకమట్టి, తొట్టిలో కటిస్నానం, ఉపవాసం, సూర్యరశ్మి, ఊపిరి పట్టడం. మనిషి జబ్బుకు మందుల కంపెనీలు కారణమని నేను గట్టిగా నమ్మాను. ఇప్పటికీ సగం నమ్ముతాను. బంకమట్టి తెచ్చి పిసికాను, గుడ్డలు తడిపాను. అన్న వద్దనలేదు. వద్దనడానికి కూడా మనిషి లోపల ఎవరో ఒకరు ఉండాలి గదా!

ఈ లోపల వీధి ఒక పని చేసింది. దాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ కోపమో జాలో తెలియదు. మా వీధిలో తెల్లవారుజామునే పడుగులు సాగదీస్తారు. పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు. వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. ఎండ ముదిరితే పోగు పెళుసెక్కుతుంది కాబట్టి చీకటి విడుతుండగానే మొదలుపెడతారు. ఆ పనికి చాలామంది కావాలి. చాలామంది ఉన్నప్పుడు అరుపులు, నవ్వులు, తిట్లు కూడా ఉంటాయి. అన్నకు నిద్ర పట్టదని తెలిసి వీధి వీధంతా మాట్లాడుకుని, పడుగుల్ని మా ఇంటి ముందు నుంచి తీసేసి వెనక సందులోకి మార్చుకున్నారు. ఇరుకు సందులో, మురుగు పక్కన, కష్టపడుతూ పని చేసుకున్నారు. పక్కింటివాళ్లు పగలు మగ్గం ఆపేశారు. పిల్లల్ని గోలీలాడనివ్వలేదు. "పాపం, పనుకోనీ పిల్లోన్ని" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మా అమ్మ కిటికీకి దుప్పటి కట్టింది. పగలూ రాత్రీ ఒకే రంగయ్యాయి మా ఇంట్లో.

ఇంత ప్రేమ ఏ ఊళ్లో దొరుకుతుంది? ఆ ప్రేమ కింద మా అన్న ఊపిరాడక పోతున్నాడని కనిపెట్టింది ఎదురింటత్త ఒక్కతే.

ఆమె ఏదో ఊరికి పోయి వచ్చిన మరుసటి రోజు, తెల్లవారుతుండగా, మా గడప ముందు గొడవ. బయటికి వచ్చి చూస్తే అత్త ఒక్కతే తన పడుగును చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ వీధి పెద్దలు.

"ఈడ వద్దని అందరమూ అనుకున్నాం గదమ్మా. పిల్లోడు లేస్తాడు" అన్నాడొకాయన.

"లేయల్లనే వచ్చినా."

"నీకేమన్నా బుద్ధుందా? నిద్ర ల్యాక సస్తాంటే..."

"నిద్ర ల్యాక కాదప్పా, తెల్లారక సస్తాండాడు. ఆ ఇంట్లో తెల్లారి ఎన్నాళ్లాయె? సూడు, కిటికీకి దుప్పటి! కోడిపుంజును గంపకింద మూసినట్ల మూసినారు. జరుగు, నా పడుగు ఈడనే సాగల్ల."

లోపలికి వచ్చి దుప్పటి లాగేసింది. అన్నను రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి, ఆ మంచాన్ని అమాంతం ఎత్తి గోడకు నిలబెట్టేసింది.

మా అమ్మ గుండెలు బాదుకుంది. మా వైపు ఇంట్లో మనిషి పోతేనే మంచం నిలబెడతారు. బతికున్నవాడి మంచం నిలబెడితే చావును పిలిచినట్టే. "వదినా! ఎంత పని చేసినావే! నా కొడుకు కండ్ల ముందర కూచోనుండంగనే!" అని ఏడ్చింది.

"ఏడువు. ఏడ్సినా దించను. దీపం పెట్టే యాళకు నేనే వచ్చి వాలుస్తా. అందాక ఈ ఇంట్లో మంచం ల్యాదనుకో."

"సావు పిలుస్తాండావే!"

"అది పిలవకుండానే వచ్చి నీ కొడుకు పక్కన పనుకోనుంది. దానికి సోటు ల్యాకుండా సేస్తాండా."

మూఢనమ్మకాల మీద అన్ని పుస్తకాలు చదివిన నాకు కూడా ఆ నిలబడిన మంచాన్ని చూస్తే ఒళ్లు జలదరించింది. ఆమెకు మాత్రం ఏమీ కాలేదు. మంచం కోడు మీద తడిచీర ఆరేసి బయటికి నడిచింది.

వీధిలో పడుగు చాచాక దాని చివరి తాడును గుంజకు కట్టి బిగిస్తారు. అత్త ఆ తాడు విప్పి అన్న చేతికిచ్చింది.

"గుంజ ఉండంగా మనిషెందుకే?" అని మామ అడిగాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు.

"గుంజకు మనాది ల్యాదు గదా" అంది అత్త.

నవ్వారు. అన్న నవ్వలేదు. తాడు పట్టుకుని నిలబడ్డాడు. తాడు వదిలితే పోగులన్నీ నేల మీద పడతాయి, అందరి పనీ మట్టిపాలవుతుంది. అది అన్నకు తెలుసు, నేతింటి బిడ్డ గదా. వదల్లేదు. ఎండ అన్న ముఖం మీదికి వచ్చింది. ఎన్ని రోజుల తర్వాతనో! పని అయ్యాక అత్త బొరుగుల ఉగ్గాని తెచ్చి, పక్కన ఒక మిరపకాయ బజ్జీ పెట్టి, "తింటావా, నోట్లో కుక్కల్లనా?" అంది. సగం తిన్నాడు.

అదే వైద్యం. రోజూ అదే. పొద్దు మొలవకముందే పిలుపు. "పెద్దోడా! లెయ్యి, పడుగు సాగల్ల." రాత్రి ఒక్క కునుకు పట్టకపోయినా సరే, లేవాల్సిందే. పగలు మంచం నిలబడే ఉండేది. అన్న కూర్చుని తూగితే కండెలు చుట్టమని రాట్నం ముందు కూర్చోబెట్టేది. చుట్టిన కండె వదులుగా ఉంటే విప్పి మళ్లీ చుట్టించేది. మాట్లాడమని ఎప్పుడూ బలవంతం చేయలేదు. తను మాత్రం ఆపకుండా మాట్లాడేది: వీధిలో ఎవరి కోడలు ఎవరిని ఏమంది, బెల్లం ఎందుకు నల్లగా వస్తోంది, మామకు గురక ఎందుకు. అన్న వినకపోయినా ఆ మాటలు చెవిలో పడుతూనే ఉండేవి, చెట్టు కింద నిలబడితే చినుకులు పడినట్టు.

"నిద్ర వచ్చేటట్ల సెయ్యి అత్తా" అని ఒకరోజు అన్న అడిగాడు. ఆమెతో తనంతట తాను అన్న మొదటి మాట అదే.

"అది నా సేతిలో ల్యాదు నాయనా, నీ సేతిలోనూ ల్యాదు. కన్ను మూతపడేది మన ఇష్టం కాదు. తెరిసి లేసేది మాత్రం మన ఇష్టం. మన సేతిలో ఉండేది మనం సేద్దాం. రెండోది దాని ఇష్టం, ఎప్పుడు రావల్లనో అప్పుడే వస్తాది."

రాత్రి ఆలోచనలు తిరుగుతుంటే ఏం చేయాలని అడిగితే, "తెగిన పోగు సీకట్లో దొరకదు. తడుముకుంటే ఇంకో నాలుగు తెంపుతావు. లేసి కూసో, నీళ్లు తాగు, తెల్లారనీ" అంది.

ఇక్కడ నా గొడవ చెప్పాలి. అన్న కొంచెం తేరుకోగానే మాత్రల సీసా తీసుకుపోయి మురుగులో పోస్తానని లేచాను. పుస్తకంలో అలాగే ఉంది: విషాన్ని ఒక్కసారిగా వదిలించాలి. అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పుస్తకం సదివినోడివి నువ్వు. మింగినోడు వాడు. నీకెందుకురా అంత ఆత్రం? ఇచ్చినాయన ఆదోనిలో ఉండాడు. వాడిని తోలుకపోయి, ఎట్ల తగ్గించల్లనో ఆయన్నే అడుగు."

"ఆయనకేం తెలుసత్తా!"

"నీకు తెల్సా? సెప్పు సూద్దాం. తాడు పట్టుకున్నోని సెయ్యి ఒక్కసారిగా కోస్తే పడుగు యాడ పడతాది?"

కోపంతో రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె నా వాటా ఉగ్గాని కూడా అన్నకే పెట్టింది. మూడో రోజు నేనే అన్నను ఆదోనికి తీసుకుపోయాను. డాక్టరు తిట్టలేదు. కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాడు. "ఇంట్లో ఏం చేస్తున్నారు?" అని అడిగితే, మంచం సంగతి చెప్పాను. నవ్వి, "అది మాన్పించొద్దు" అన్నాడు.

నా పుస్తకాల్ని కూడా ఆమె పూర్తిగా కొట్టిపారేయలేదు. దీపం పెట్టాక కాళ్లు వేడినీళ్లలో పెట్టడం బాగుందని ఒప్పుకుంది. పొద్దుటి ఎండా, నడకా సరేనంది. "ఉపాసం మాట మాత్రం నా ముందర ఎత్తద్దు. కడుపు ఖాళీగా ఉంటే మనాది వచ్చి ఆడ కాపురం పెడ్తాది" అనేది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని ఒకసారి రాట్నం దగ్గర అడిగాను. చేయి ఆపకుండానే చెప్పింది. పెళ్లయిన కొత్తలో ఆమె ఒక్కగానొక్క బిడ్డ జ్వరంతో పోయాడు. ఆమె మంచం పట్టింది. అత్తగారు ఓర్వలేదు. మంచం లాగేసి, "సచ్చినోడు సచ్చె, మగ్గానికి కండెలెవరు సుట్టాల?" అని జుట్టు పట్టి కూర్చోబెట్టిందట. పొద్దు మొలవకముందే కాలితో తన్ని లేపేదట.

"దాన్ని నేను ఇప్పటికీ క్షమించల్యా చిన్నోడా. సచ్చి యాడుందో, ఆడ కూడా క్షమించను. కానీ నేను లేసింది అట్లనే. మందు ఆ ముండ పగతో ఇచ్చింది. నేను ప్రేమతో ఇస్తాండా. మందు ఒకటే."

ఆదోని నుంచి ఒక స్నేహితుడు వచ్చేవాడు. మిల్లులో అన్నతో పనిచేసినవాడే, మేం సాయిబన్న అనేవాళ్లం. మొదట్లో మంచం దగ్గర నిలబడి ఏం మాట్లాడాలో తెలియక టోపీ చేతిలో తిప్పుకుంటూ వెళ్లిపోయేవాడు. అత్త అతన్ని పట్టుకుంది.

"ఏం సాయిబూ, పీనుగును సూడను వచ్చినట్ల వచ్చి పోతావు? వాడిని తోలుకపో. నడిపించు."

"ఏం మాట్లాడల్ల అత్తా? నాకు మాటలు రావు."

"రాకుంటే మాట్లాడొద్దు. కాళ్లు వస్తాయి గదా?"

ఇద్దరూ ఊరి బయటి దాకా నడిచేవాళ్లు. ఒకరోజు ఆ నడకలో సాయిబన్న ఉన్నట్టుండి, "ఆ పొద్దు నేను గూడా టీ తాగుతాంటినప్పా. నిన్ను నేనే గదా పిలిచినా" అన్నాడట. అన్న ఆ మాట ఇంటికొచ్చి చెప్పాడు. అప్పటి వరకూ ఇద్దరూ ఒకే బరువును వేరువేరుగా మోస్తున్నారు.

అన్నకు నయమైందని నేను రాయను. అలా రాసే పుస్తకాలు చాలా చదివాను, అవన్నీ అబద్ధాలు. మిల్లుకు తిరిగి పోలేదు. ఇంట్లోనే మగ్గం గుంటలోకి దిగి నేత పట్టాడు. మంచి రోజులు వచ్చాయి, మధ్యలో చెడ్డవారాలు వచ్చాయి. బావుల వైపు ఒంటరిగా నడవడం మానేశాడు. అమ్మ నన్ను వెనక పంపడం మానేసింది. అంతే.

మాట పాకిపోయి వేరే ఊళ్ల నుంచి కూడా మనాది పట్టిన మనుషుల్ని తేవడం మొదలుపెట్టారు. అత్త ఒప్పుకునేది కాదు. "నేనేమన్నా ఆస్పత్రి పెట్టినానా?" అని తిట్టేది. తిడుతూనే వసారాలో చోటు చూపించేది. దేవనకొండ వైపు నుంచి ఒక రైతును బావమరిది తీసుకువచ్చాడు. వరసగా వానలు లేక చేను ఎండిపోయిన మనిషి. కొన్నాళ్లు తాడు పట్టాడు, కండెలు చుట్టాడు. ఒకసారి తన ఎద్దుల పేర్లు చెప్పి నవ్వాడు కూడా. అప్పుడు ఆయన ఇంటి పెద్దలు చూడటానికి వచ్చారు. గోడకు నిలబెట్టిన మంచం చూశారు. "బతికుండే మనిషికి సావు మంచం పెడ్తారా?" అని కేకలేసి అదే రోజు బండెక్కించుకుపోయారు. అత్త బండి వెనక వీధి మలుపు దాకా పరిగెత్తింది. "పనుకోబెట్టొద్దండప్పా! పగలు పనుకోబెట్టొద్దండి!" అని అరిచింది.

కొన్నాళ్లకు ఆ మనిషి బావిలో తేలాడని కబురు వచ్చింది. ఆ మంచమే చంపిందని వాళ్ల ఊరివాళ్లు అన్నారు. మా ఊళ్లో కూడా కొందరన్నారు. ఆమె గడప ముందుకు వచ్చి మట్టి ఎత్తిపోసి వెళ్లారు. నేను కర్ర తీసుకుని బయటికి వచ్చాను. అమ్మ పట్టుకుంది గానీ లేకపోతే ఆ రోజు ఎవరిదో ఒకరి తల పగిలేది. చదువులేనితనం మనుషుల్ని ఎలా చంపుతుందో రాయడానికి కూర్చుంటే ఇప్పటికీ నా కలం ఆగదు. కానీ ఇది ఆమెను తలుచుకునే వ్యాసం. నా కోపం ఇంకోచోట.

మరుసటి పొద్దున వీధిలో ఆమె గొంతు వినబడలేదు. తలుపు మూసి ఉంది. గంజికుండ అలాగే ఉంది. మామ గడప మీద తల పట్టుకుని కూర్చున్నాడు. "లేయల్యా. గోడ తిక్కు తిరిగి పనుకుంది" అన్నాడు.

ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. ఇంతమందిని లేపిన మనిషిని ఎవరు లేపాలి? అన్న మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. వీధి దాటాడు. తలుపు తోసి, లోపలికి పోకుండా, గడప దగ్గరే నిలబడి పిలిచాడు.

"అత్తా. లెయ్యి. పడుగు ఎండిపోతాది."

అన్న గడప వదల్లేదు.

"నువ్వు లేయకుంటే నేను గూడా పోయి పనుకుంటా. సూడు మల్ల."

లోపల గాజులు కదిలాయి. "బెదిరిస్తాండావేంరా, గాడిదకొడకా" అని గొంతు వచ్చింది. బొంగురుపోయిన గొంతు. చీర దోపుకుంటూ బయటికి వచ్చింది. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. పడుగును మాత్రం పోగు పోగూ దువ్వింది.

ఆమె జబ్బును మేం ఆలస్యంగా తెలుసుకున్నాం. రొమ్ములో గడ్డ. ఎన్నాళ్ల నుంచి ఉందో, పైట కింద దాచుకుంది. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి పైకీ కిందికీ పాకేసిందని చెప్పి తిప్పి పంపారు. చివరి వారాల్లో నొప్పికి పళ్లు కొరికేది. అంత పెద్ద గొంతు లోపలికి పోయింది. నేను అప్పటికీ నా పుస్తకాలు తిరగేస్తూనే ఉన్నాను. బంకమట్టి పట్టీ వేద్దామా అని అడిగాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "మట్టి కొన్నాళ్లుంటే ఎట్లాగూ ఏస్తారు లేరా" అంది. నవ్వబోయింది, నొప్పికి ఆగింది. "ఇను. మనాదికి మనిషి కావల్ల. నొప్పికి మందు కావల్ల. దాన్నీ దీన్నీ కలపొద్దు. పోయి సూది తే."

అప్పటి నుంచి సూదిమందు ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడమే నా పని. కాంపౌండరు వచ్చి సూది వేసి పోయేవాడు. అన్న మాత్రం ఆమె పక్కనుంచి లేవలేదు. రోజుల తరబడి నిద్ర లేదు. ఈసారి మనాదితో కాదు, కాపలాతో. ఆమె కళ్లు తెరిచినప్పుడల్లా, "పోయి పనుకోరా" అనేది. అన్న, "దీపం పెట్టే యాళకు" అనేవాడు. దీపం పెట్టాక, "తెల్లారినాక" అనేవాడు. అమ్మకూ నాకూ లోపల ఒకటే దిగులు. ఈ మెలకువ అన్నను మళ్లీ పాత గోతిలోకి లాగుతుందేమో.

అందుకే ఆ పొద్దున బస్టాండు నుంచి పరిగెత్తాను. అన్నకు ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో అనుకుంటూ పరిగెత్తాను. ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఆమె కళ్లు మూసింది అన్నే. నేను పోయేసరికి పక్కనే కూర్చుని, ఆమె గోళ్ల సందుల్లో ఇంకా మిగిలిన గంజి పొరల్ని తడిగుడ్డతో మెల్లగా తుడుస్తున్నాడు. మామ తలవైపు కూర్చున్నాడు. అన్న కళ్లల్లో నీళ్లు లేవు. నా జేబులోని మందును చూసి, "ఆడ పెట్టు. ఇంకెవరికైనా పనికొస్తాది" అన్నాడు.

వీధి పెద్దలు నన్ను పక్కకు పిలిచారు. "పెద్దోన్ని సాయిబు ఎంబడి ఆదోనికి తోలేద్దామప్పా. శ్మశానం దాకా వద్దు. మట్టి ఏసేది సూస్తే మల్లా మొదటికొస్తాది." మళ్లీ అదే ప్రేమ. మళ్లీ అదే దుప్పటి. నా నోటికి వచ్చిందంతా అన్నాను, అవి ఇక్కడ రాయలేను. అన్న మా మాటలు విన్నాడో లేదో. లేచి వచ్చి పాడె ముందుకొమ్మ కింద భుజం పెట్టాడు. రెండో వైపు మామ. వెనక నేనూ, కబురందుకుని ఆదోని నుంచి వచ్చిన సాయిబన్నా.

గుంతలో ఆమెను దించారు. అందరం పిడికెడు పిడికెడు మట్టి వేశాం. అన్న తన వంతు వేసి, అక్కడే నేల మీద కూలబడ్డాడు. అప్పుడు వచ్చింది ఏడుపు. మిల్లు కాలిన రోజు నుంచి రానిది. గొంతు లేని ఏడుపు, భుజాలు మాత్రం ఎగిరిపడ్డాయి. ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చడానికి లేచినవాళ్లను మామ చేయి అడ్డుపెట్టి ఆపాడు. జనం ఒక్కొక్కరే కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. మామను మా అమ్మ ఇంటికి తీసుకుపోయింది. ఏడుపు సన్నగిల్లింది. అన్న పక్కకు ఒరిగాడు. దగ్గరికి పోయి చూస్తే నిద్రపోతున్నాడు.

మిట్టమధ్యాహ్నం. నెత్తి మీద ఎండ. పచ్చిమట్టి పక్కన, చెంప నేలకానించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు. మాత్రల నిద్ర నాకు తెలుసు, ఇది అది కాదు. ఊపిరి నిండుగా వస్తోంది.

"లేపుదామా?" అన్నాడు సాయిబన్న.

పగలు నిద్రపోనివ్వకూడదు. ఆమె ఉంటే ఈపాటికి రెక్క పట్టుకుని లేపేది. లేపదేమో కూడా. ఎవరిని అడగాలి? ప్రపంచంలో ప్రతిదాని మీదా నాకొక అభిప్రాయం ఉంది, అరిచి చెప్పే గొంతుంది. ఆ ఎండలో నాకు ఏమీ తోచలేదు. రేపు పొద్దున అన్న లేస్తాడో లేవడో తెలియదు. ఎల్లుండి తెలియదు.

లేపలేదు. అన్నకు అటొకడు ఇటొకడుగా కూర్చున్నాం, మా నీడ ముఖం మీద పడేలా. ఎండ జరిగింది. మేమూ జరిగాం. గుంత తవ్వినవాళ్లు పారలు భుజాన వేసుకుని, మా వైపు ఒకసారి చూసి, చప్పుడు చేయకుండా పోయారు. ఎండ ఇంకొంచెం జరిగింది. మేము ఇంకొంచెం జరిగాం.